750 వస్తువులు, కనబడని చెయ్యి

(ప్రసంగ పాఠం)



మన ఇళ్ళల్లో ప్లాస్టిక్ బిందె ఉంది గదా, దాన్ని ఒకసారి సరిగ్గా చూడండి. మెడ దగ్గర ఎందుకు సన్నబడింది? చెయ్యి చుట్టి పట్టుకోవడానికి. కడుపు ఎందుకు గుండ్రం? చంకలో ఒదగడానికి. మూతి అంచు ఎందుకు బయటికి వంగింది? నీళ్ళు వంచేటప్పుడు ఒంటిమీద పడకుండా, ఎత్తేటప్పుడు వేళ్ళకు పట్టు దొరకడానికి. బిందెను పోసింది మిషనే, కాదనం. కానీ మిషనుకు మన చంక తెలుసా? అచ్చు తయారు కాకముందే ఒక మనిషి కూర్చుని, వంపు ఎంత, మందం ఎంత, బరువు ఎంత, ఖర్చు ఎంత అని తేల్చాడు. ఆ తేల్చే పనినే పారిశ్రామిక డిజైన్ అంటున్నారు. చేసేవాణ్ణి డిజైనర్ అంటున్నారు.

మన వాడల్లో పిల్లలకు ఏమేం ఉద్యోగాలు చెబుతున్నాం? టీచరు, పోలీసు, గుమాస్తా, బాగా చదివితే ఇంజనీరు, డాక్టరు. ఈ పని పేరు ఎవరూ చెప్పరు. చెప్పకపోవడం వల్ల ఏమవుతోంది? తరతరాలుగా చేత్తో వస్తువు చేసిన కులాల పిల్లలు ఆ దారిలోకి రావడం లేదు. చేతికి మట్టి అంటనివాళ్ళ పిల్లలు కాగితం మీద గీసి, మన చేతుల్లోకి పనిముట్లు పంపుతున్నారు. అందుకే ఈ పూట ఈ సంగతి మాట్లాడాలనుకున్నాం.

ముందు ఒక మనిషి కథ చెప్పుకుందాం. ఆయన మన దేశం వాడు కాదు. అమెరికా నల్లజాతి బిడ్డ. పేరు చార్లెస్ హారిసన్. 1931లో లూసియానా రాష్ట్రం ష్రీవ్‌పోర్ట్‌లో పుట్టాడు. నల్లవాళ్ళకు వేరే బడి, వేరే బస్సు సీటు, వేరే నీళ్ళ కుళాయి ఉన్న రోజులవి. తండ్రి నల్లవాళ్ళ కాలేజీల్లో చేతిపనుల విద్య చెప్పే పంతులు. కర్ర ఎట్లా కోయాలి, అతుకు ఎట్లా వేయాలి అన్నది ఆ పిల్లవాడు ఇంట్లోనే చూశాడు. ఇంకో సంగతి. ఆయనకు అక్షరాలు కుదురుగా కనబడని ఇబ్బంది, డిస్లెక్సియా, ఉండేది. చదవడం కష్టం. అయినా బొమ్మ, వస్తువు, చెయ్యి, ఈ మూడూ ఆయనకు భాష అయినాయి.

చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ బడిలో చదివి 1954లో డిగ్రీ తీసుకున్నాడు. తర్వాత సైన్యం పిలిచింది. పశ్చిమ జర్మనీలో మ్యాపులు గీసే పని చేశాడు. తిరిగొచ్చి ఉద్యోగం కోసం తిరిగాడు. 1956లో సియర్స్ అనే కంపెనీ గడప ఎక్కాడు.

సియర్స్ అంటే ఏమిటో కొంచెం తెలుసుకోవాలి. అమెరికా పల్లెలన్నిటికీ అది పోస్టులో వచ్చే అంగడి. లావుపాటి కేటలాగు ఇంటికొస్తుంది. ఉత్తరం రాస్తే కుట్టు మిషను దగ్గర్నుంచి నాగలి దాకా పంపుతారు. దక్షిణాది నల్ల రైతులకు ఈ పద్ధతి ఒక విధంగా ఊపిరి. ఎందుకంటే ఊరి అంగడికి పోతే తెల్లవాళ్ళందరూ అయిందాకా నిలబడాలి, దుకాణదారు మాటలు పడాలి. ఉత్తరానికి రంగు లేదు. డబ్బు పంపితే సామాను వచ్చింది. మన ఊళ్ళల్లో కోమటి కొట్టు ముందు దూరంగా నిలబడి, పైనుంచి వేస్తే దోసిలి పట్టుకున్న ముసలివాళ్ళకు ఈ తేడా ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

అట్లాంటి కంపెనీయే లోపలి కుర్చీ దగ్గరికి వచ్చేసరికి ఏం చేసింది? నల్లవాళ్ళను తీసుకోకూడదని అక్కడ రాయని రూలు ఉంది. కాగితం మీద ఎక్కడా లేదు, అందరికీ తెలుసు. హారిసన్‌కు ఉద్యోగం రాలేదు. కానీ అక్కడి డిజైన్ అధికారి కార్ల్ బ్యోర్న్‌క్రాంట్జ్‌కు ఈ కుర్రవాడి చెయ్యి నచ్చింది. ఉద్యోగం ఇవ్వలేక బయటినుంచి విడి పనులు ఇచ్చాడు. అంటే గీత కావాలి, గీసిన మనిషికి లోపల కుర్చీ లేదు. గుమ్మం బయట ఉంచి పని చేయించుకోవడం మనం చూడనిదా? అయినా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ అధికారి విదిల్చి పంపేయకుండా పని ఇచ్చాడు. ఆ పని హారిసన్‌ను వృత్తిలో నిలబెట్టింది.

ఇంకో తలుపు తెరిచినవాడు ఆయన గురువు హెన్రీ గ్లాస్. వియన్నా నుంచి, నాజీల చెర దాటి అమెరికా చేరిన మనిషి. జాతి పేరుతో తరిమితే ఎట్లా ఉంటుందో ఒంటిమీద తెలిసినవాడు. తన దగ్గర పని ఇచ్చాడు. తర్వాత హారిసన్ చికాగోలో మరికొన్ని చిన్న సంస్థల్లో చేశాడు. చిన్న సంస్థలో ఒక్క పరిశ్రమకు కట్టుబడడం కుదరదు. ఇవ్వాళ కుర్చీ, రేపు ఇంకో వస్తువు. ఏది వస్తే అది చేయాలి.

అట్లా రాబర్ట్ పోడల్ సంస్థలో ఉండగా 1958లో చేతికొచ్చిన వస్తువు వ్యూమాస్టర్. కళ్ళకు పెట్టుకుని చూసే బొమ్మల డబ్బా. గుండ్రటి అట్ట రీలు పెట్టి మీట నొక్కితే ఒక్కో బొమ్మ మారుతుంది. ఒక్కో రీలులో 14 చిన్న ఫొటోలు, కంటికొకటి చొప్పున 7 జతలు. రెండు కళ్ళకు రెండు బొమ్మలు కాబట్టి దృశ్యం లోతుగా కనిపిస్తుంది. అది 1939 నుంచీ ఉన్న వస్తువే. అయితే బేకలైట్‌తో చేసిన బరువు డబ్బా, పెద్దవాళ్ళు యాత్రాస్థలాలు చూసుకోవడానికి కొనేది. హారిసన్ పనిచేసిన కొత్త రూపంలో అది పిల్లల చేతిలో ఇమిడింది. లోపలి సూత్రం మారలేదు. పట్టుకునే చెయ్యి మారింది. దాంతో అది దశాబ్దాల పాటు ప్రపంచమంతా పిల్లల ఆటవస్తువు అయింది.

1961లో సియర్స్ నుంచే కబురు వచ్చింది, ఉద్యోగానికి రమ్మని. చికాగో ప్రధాన కార్యాలయంలో అధికారి హోదాలో చేరిన మొదటి నల్లవాడు ఆయనే. పోనుపోను అక్కడి డిజైన్ విభాగానికి పెద్ద అయ్యాడు. 1993లో కంపెనీ తన సొంత డిజైన్ విభాగాన్ని మూసేసేదాకా, 32 ఏళ్ళు అక్కడే ఉన్నాడు. మొత్తం మీద 750కి పైగా వస్తువులు ఆయన చేతిమీదుగా పోయినాయి. కుట్టు మిషన్లు, జుట్టు ఆరబెట్టే మిషన్లు, రొట్టె కాల్చే పెట్టెలు, గడ్డి కోసే యంత్రాలు, పాటల పెట్టెలు, కొలత గిన్నెలు, చేతి పనిముట్లు. కుట్టు మిషన్లయితే ఏడాదికి 8 నుంచి 12 రకాల చొప్పున పన్నెండేళ్ళకు పైగా గీశాడు.

మీరడగొచ్చు. ఒక మనిషికి ఇన్ని పరిశ్రమలు ఎట్లా తెలుస్తాయి? కుట్టు మిషను మోటారు వేరు, గడ్డి కోసే కత్తి వేరు గదా?

ఇక్కడే అసలు సంగతి ఉంది. పరిశ్రమ మారినా మారనివి నాలుగున్నాయి.

ఒకటి, మనిషి ఒళ్ళు. పిడి ఏ వస్తువుదైనా పట్టుకునేది ఇదే అరచెయ్యి. నడుము వంగేది ఇదే నడుము. ఒక వస్తువు దగ్గర చేతిని చదివినవాడికి ఇంకో వస్తువు దగ్గర సగం పని తెలిసినట్టే.

రెండు, సరుకు గుణం. ఇనుము ఎట్లా వంగుతుంది, ప్లాస్టిక్ అచ్చులో ఎట్లా పారుతుంది, చల్లారాక అచ్చు నుంచి ఊడి రావాలంటే గోడ ఎంత వాలుగా ఉండాలి. ఇది బిందెకు ఒకటే, రేడియో డబ్బాకూ ఒకటే.

మూడు, లెక్క. చేయడానికి ఎంత, లారీలో ఎన్ని పడతాయి, చెడితే బాగు చేయడానికి వీలుందా.

నాలుగు, చూడగానే అర్థం కావడం. ఏది నొక్కాలో, ఎటు తిప్పాలో వస్తువే చెప్పాలి. పుస్తకం చదివితే గానీ నడవని వస్తువు సగం జనానికి లేనట్టే. చదవడంలో ఇబ్బంది పడ్డ మనిషి గనక హారిసన్‌కు ఇది పట్టుదల. మన అమ్మలకు ఇది ఎంత అవసరమో ఆలోచించండి.

మారేది ఒక్కటి. ఆ పరిశ్రమ లోపలి సంగతి. అది తెలియాలంటే పోయి అడగాలి. కుట్టేవాళ్ళ పక్కన కూర్చోవాలి, ఫ్యాక్టరీలో అచ్చు దగ్గర నిలబడాలి, బాగు చేసే మెకానిక్‌ను పట్టుకోవాలి. ‘ఇది ఎక్కడ విరుగుతుంది? చెయ్యి ఎక్కడ నొస్తుంది?’ అని అడగడానికి నామోషీ పడనివాడే పరిశ్రమ నుంచి పరిశ్రమకు పోగలడు. అడిగించుకునేవాళ్ళు ఎవరు? పనివాళ్ళు. పనివాళ్ళతో మాట్లాడడం వచ్చినవాళ్ళు ఎవరు? మనమే గదా!

ఒక ఉదాహరణ. 1966లో హారిసన్ సియర్స్‌కు ప్లాస్టిక్ చెత్తడబ్బా డిజైన్ చేశాడు. అంతకుముందు అమెరికా ఇళ్ళ ముందు రేకు డబ్బాలు. తెల్లవారుజామున చెత్త బండి వస్తే వీధంతా గణగణ మోత. బరువు, తుప్పు, సొట్టలు. ప్లాస్టిక్ డబ్బాతో మోత పోయింది, బరువు తగ్గింది. అడుగు సన్నంగా, పైన వెడల్పుగా ఉంటే ఒకదానిలో ఒకటి దూరుతుంది, లారీలో ఎక్కువ పడతాయి. చెత్తడబ్బాకు డిజైనేమిటని నవ్వేవాళ్ళుంటారు. రోజుకు వందల డబ్బాలు ఎత్తే మనిషి నడుమును అడగండి, నవ్వరు. అదే ప్లాస్టిక్ ఇవ్వాళ మన చెరువుల్లో, కాలవల్లో, పశువుల కడుపుల్లో ఏం చేస్తోందో కూడా చూస్తున్నాం. ఇప్పటి డిజైనర్ లెక్కలో అది కూడా ఉండాలి.

పిడి పొడుగు ఎంత అన్నది చిన్న విషయం కాదు. కాలిఫోర్నియా పొలాల్లో మెక్సికన్ కూలీలకు ఒక పొట్టి పార ఇచ్చేవాళ్ళు. దాంతో పని చేయాలంటే రోజంతా వంగే ఉండాలి. నడుములు విరిగినాయి. మేస్త్రీకి మాత్రం సుఖం, ఎవరు నిటారుగా నిలబడ్డారో దూరం నుంచే కనబడుతుంది. కూలీలు సంఘం కట్టి, కోర్టుకెక్కి, 1975లో ఆ పొట్టి పారను నిషేధింపజేశారు. పిడి రెండడుగులు పెంచడానికి అంత పోరాటం! పనిముట్టు ఎవరు గీశారు, ఎవరి సుఖం కోసం గీశారు అన్నదాంట్లోనే పెత్తనం ఉంది. ఇప్పుడు మన ఊడ్చే అక్కల పొట్టి చీపుర్లు చూడండి. మురుగు గుంటల్లోకి మనిషి దిగకూడదని 2013లో చట్టం వచ్చింది. ఆ తర్వాత కూడా మనవాళ్ళు దిగి చచ్చిపోయారు. 2018లో కేరళ కుర్రవాళ్ళు బాండికూట్ అనే మిషను తెచ్చారు, మ్యాన్‌హోల్‌లోకి మనిషి బదులు అది దిగుతుంది. చంద్రుడి మీదికి పోయే బుద్ధి ఉన్న దేశానికి ఈ బుద్ధి ఇంత ఆలస్యంగా ఎందుకు వచ్చింది? దిగేది ఎవరో తెలుసు గనక.

డిజైన్ మనకు పరాయి విద్య కాదు. తొండం మోట గుర్తుందా? బావిలోంచి ఎద్దులు లాగే తోలు సంచి. దాని కింద తోలు తొండం. బావిలో ఉన్నంతసేపు చిన్న తాడు ఆ తొండాన్ని పైకి మడిచి పట్టుకుంటుంది, నీళ్ళు కారవు. గట్టు మీదికి రాగానే తొండం బయటికి చాచుకుని నీళ్ళు దానంతటదే కాలవలో పోస్తుంది. బావి దగ్గర వంచడానికి రెండో మనిషి అక్కర్లేదు. రెండు తాళ్ళ పొడుగు లెక్క తప్పితే మోట నడవదు. ఆ తోలు కోసి, కుట్టి, లెక్క కుదిర్చింది ఎవరు? మాదిగలు. లందలో తంగేడు చెక్క నానబెట్టి తోలు ఊనిన చెయ్యి, ఆరె పట్టి కుట్టిన చెయ్యి. ఊరి పంటకు నీళ్ళు పెట్టిన ఆ చేతికి ఆ బావిలో నీళ్ళు ముట్టే హక్కు లేదు. ఆ మనిషిని డిజైనర్ అని ఎవరన్నారు?

1958లో భారత ప్రభుత్వం పిలిస్తే అమెరికా డిజైనర్లు చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ దేశం తిరిగి ఒక నివేదిక ఇచ్చారు. దాన్ని ఆధారం చేసుకునే 1961లో అహమదాబాద్‌లో జాతీయ డిజైన్ సంస్థ పుట్టింది. ఆ నివేదికలో వాళ్ళు మన చెంబును, లోటాను, ఆకాశానికెత్తారు. అది ఒక్కరు చేసింది కాదు, తరాల జనం చేసింది అన్నారు. పట్టు, బరువు, వంచడం, కడగడం, ఖరీదు, అన్నీ లెక్కపెట్టారు. మంచి మాటే. కానీ ఆ లెక్కల జాబితాలో కులం లేదు. ఎవరి చెంబు ఎవరు ముట్టకూడదు, ఎవరికి నీళ్ళు పైనుంచి పోస్తారు, హోటల్లో రెండో గ్లాసు ఎవరికి అన్న ప్రశ్న లేదు. ఆ ప్రశ్న మన పిల్లలే వేయాలి. ఆ సంస్థల్లో మన పిల్లలు కూర్చున్నప్పుడే ఆ ప్రశ్న పడుతుంది.

ఇక పేరు సంగతి. హారిసన్ కంటే ముందు తరంలో రేమండ్ లోవీ అనే డిజైనర్ ఉన్నాడు. ఫ్రాన్సు నుంచి అమెరికా వచ్చినవాడు. రైలింజన్లు, కార్లు, ఫ్రిజ్‌లు, సిగరెట్ పెట్టెలు, చివరికి అంతరిక్ష కేంద్రం లోపలి అమరిక దాకా పని చేశాడు. 1949లో టైమ్ పత్రిక ముఖచిత్రం ఎక్కాడు. ఇద్దరూ అనేక పరిశ్రమలు తిరిగినవాళ్ళే. ఒకరి పేరు వస్తువు కంటే ముందు నడిచింది. ఇంకొకరి వస్తువు కోట్ల ఇళ్ళల్లోకి పోయింది, మీద కంపెనీ పేరే ఉంది. కెన్‌మోర్ అనో, క్రాఫ్ట్స్‌మన్ అనో. కంపెనీ ఉద్యోగంలో అందరి పరిస్థితీ అంతే, తెల్లవాడైనా. కానీ రాయని రూలు వల్ల వెనకబడ్డవాడికి ఆ చీకటి ఇంకా చిక్కన. 2005లో తన బతుకు మీద తానే పుస్తకం తెచ్చాడు. 2008లో కూపర్ హ్యూయిట్ మ్యూజియం జాతీయ డిజైన్ అవార్డుల్లో జీవితకాల సత్కారం ఇచ్చింది. అది అందుకున్న మొదటి నల్లజాతి మనిషి ఆయన. అప్పటికి 77 ఏళ్ళు. 2018 అక్టోబరులో సియర్స్ దివాళా పిటిషన్ వేసింది. నవంబరులో హారిసన్ కన్నుమూశాడు. కేటలాగులు చెదలు పట్టినా ఆయన ఆఖరి ఏళ్ళల్లో చికాగో కాలేజీల్లో పాఠం చెప్పిన పిల్లలున్నారు.

దీంట్లో మనం ఏం తీసుకోవాలి? గుడ్డి ఆశ వద్దు. ఒక్కడు ఎక్కితే రూలు పోదు. ఒక్కడు ఎక్కడానికే గురువు, అధికారి, చిన్న సంస్థలు, సొంత చెయ్యి, ఇన్ని కలవాల్సి వచ్చింది. బయట 1964 పౌరహక్కుల చట్టం దాకా సాగిన పోరాటం ఉంది. చేతి నేర్పు, ఉద్యమం, రెండూ కావాలి.

చదువు దారులు చెబుతాం, రాసుకోండి. అహమదాబాద్‌ది కాక, ఆంధ్రప్రదేశ్‌కూ 2015 నుంచి జాతీయ డిజైన్ సంస్థ ఉంది. ఐఐటీ హైదరాబాద్‌లో డిజైన్ శాఖ ఉంది. హైదరాబాద్‌లోనే చెప్పుల డిజైన్ నేర్పే కేంద్ర సంస్థ ఎఫ్‌డీడీఐ ఉంది, 2017లో పార్లమెంటు చట్టంతో దానికి జాతీయ హోదా వచ్చింది. ఐఐటీల డిజైన్ డిగ్రీకి యూసీడ్ అనే పరీక్ష రాయాలి. దానికి ఇంటర్‌లో లెక్కలే ఉండాలని లేదు, ఆర్ట్స్ వాళ్ళూ రాయొచ్చు. కేంద్ర విద్యాసంస్థల్లో ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5 శాతం, ఓబీసీలకు 27 శాతం సీట్లు. ఆ సీటు మనది. తెలియక వదిలేస్తే మన నష్టం.

పరీక్షలో, ఉద్యోగంలో చూసేది అందమైన బొమ్మ ఒక్కటే కాదు, ఆలోచన నడిచిన దారి. కాబట్టి ఈ రోజే ఒక నోటుబుక్కు పెట్టండి. మీ ఇంటి వస్తువు ఒకటి, కొడవలి గానీ, పొయ్యి గానీ, పత్తి తీసేటప్పుడు కట్టుకునే వొడి గానీ తీసుకోండి. వాడే మనిషిని పది రోజులు చూడండి. ఎక్కడ నొస్తోందో రాయండి. పది రకాలుగా గీయండి. అట్టతో, మట్టితో, పాత టైరుతో నమూనా చేసి వాడమని ఇవ్వండి. పనికిరాకపోతే ఎందుకు రాలేదో కూడా రాయండి. ఆ నోటుబుక్కే రేపు ఏ పరిశ్రమ గడప దగ్గరైనా మీ తరఫున మాట్లాడుతుంది. ఒకటి ఇంటి వస్తువు, ఒకటి పొలం పనిముట్టు, ఒకటి ఆసుపత్రిది, ఒకటి బండిది, ఇట్లా నాలుగు రకాలు చేసి పెట్టుకున్నవాడికి ఒక పరిశ్రమ మూతపడినా ఇంకో తలుపు ఉంటుంది.

పేరు కాపాడుకోవడం కూడా నేర్వాలి. 2000 సంవత్సరపు డిజైన్ల చట్టం కింద కొత్త రూపాన్ని రిజిస్టరు చేస్తే 10 ఏళ్ళు, మళ్ళీ రుసుము కడితే ఇంకో 5 ఏళ్ళు హక్కు ఉంటుంది. నలుగురికీ చూపించకముందే దరఖాస్తు పెట్టాలి, చూపించాక కొత్తదనం పోయిందంటారు. ఇంకొకరి కోసం డబ్బు తీసుకుని చేస్తే హక్కు చేయించుకున్నవాడిదే అవుతుంది. కాబట్టి సంతకం పెట్టేముందు కాగితం చదవండి. కనీసం ఫలానావాళ్ళు చేశారన్న మాట రాయించుకోండి.

సంఘాలకు మా మాట ఇది. హాస్టల్లో వారానికి ఒక సాయంత్రం గీత పాఠం పెట్టండి. చెప్పులు కుట్టే తాతను, వడ్రంగిని, కుమ్మరిని, మోటారు బాగు చేసే అన్నను పిలిచి పిల్లల ముందు గౌరవంగా కుర్చీలో కూర్చోబెట్టండి. కులవృత్తిలోనే ఉండిపొమ్మని కాదు. ఆరె పట్టమని కాదు, ఆరె వెనక ఉన్న లెక్క పట్టుకోమని. ఆ లెక్కతో మన పిల్లలు బండి గీయాలి, మందుల సూది గీయాలి, మురుగు మిషను గీయాలి. మన నడుము కొలత మనకు తెలుసు. ఆ కొలతతో పిడి గీసే చెయ్యి కూడా మన వాడ నుంచి రావాలి.